మొదటివాడికి మాఫీ

మా చిన్న మేనకోడలు బెల్జియం పోయి ఏం చదివి వచ్చిందో మా చుట్టాల్లో సగం మందికి ఇప్పటికీ తెలియదు. డాక్టరు చదువు కాదు, కంప్యూటరు చదువు కాదు. హనుమకొండ సుబేదారిలోని కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీలో ఎల్‌ఎల్‌బీ చేసింది. 2023లో ల్యూవెన్ యూనివర్సిటీలో ఎల్‌ఎల్‌ఎం సీటు వచ్చింది. ఓరుగల్లు కోట ఢిల్లీ సేనల చేతికి పోయి వందేళ్లు దాటాక, 1425లో, పెట్టిన యూనివర్సిటీ అది. అక్కడ తీసుకున్న సబ్జెక్టు యూరోపియన్ కాంపిటిషన్ లా. వ్యాపారులు లోపల్లోపల ఒక్కటై ధర బిగించకుండా, ఒక్క కంపెనీయే బజారు మొత్తాన్ని గుప్పిట్లో పెట్టుకొని ఆడించకుండా చూసే చట్టం. 1957 నాటి రోమ్ ఒప్పందంలో రెండు అధికరణాలుగా పుట్టింది. ఇప్పుడు వాటి నంబర్లు 101, 102. ఆ రెండు నంబర్ల కింద ఇన్నేళ్లుగా నడిచిన కేసులే ఆ చదువంతా.

ఇట్లా చెబితే ఊళ్లో వినేదెవరు? ఆ పిల్ల ఇట్లా చెప్పదు. ఎవరింటికి పోతే ఆ ఇంట్లో ఉన్న వస్తువు పట్టుకొని చెబుతుంది. చదువు వంటబట్టిందనడానికి నాకు అంతకంటే గుర్తు అక్కర్లేదు.

నేను భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగిని. 2024 సెప్టెంబరులో తిరిగి రాగానే ముందు మా ఇంటికే వచ్చింది, అమ్మమ్మను చూడాలని. మా అమ్మకు నోట్లో పన్ను లేదు. అరుగు మీద కూర్చొని అరటిపండు చిదుముకొని తింటోంది.

"అమ్మమ్మా, నీ అసువంటోళ్ల గురించి యూరప్‌ల పెద్ద తీర్పున్నది, తెలుసా?" అంటూ పక్కన చేరింది.

1978 నాటి యునైటెడ్ బ్రాండ్స్ కేసు. చికీటా పేరుతో అరటిపండ్లు అమ్మే అమెరికా కంపెనీ అది. బజార్లో ఆపిల్ ఉంది, నారింజ ఉంది, ద్రాక్ష ఉంది, ఇన్ని పండ్లుండగా మాది పెత్తనం ఎట్లా అవుతుందని వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. పసిపిల్లలు, ముసలివాళ్లు, జబ్బుపడ్డవాళ్లు తినగలిగినది మెత్తగా, గింజ లేకుండా, చేత్తో ఒలుచుకునే ఈ పండే. ఆపిల్ చవకయిందని వాళ్లు అటు మారలేరు. కాబట్టి అరటిది వేరే బజారు, ఆ బజారుకు పెత్తందారు ఈ కంపెనీయే అని తేల్చింది.

మా అమ్మ తొక్క పక్కన పెట్టి, "ఆ జడ్జి ఇంట్ల గూడ ముసలామె ఉన్నట్టున్నది" అంది. మనవరాలు ఆమె మెడ చుట్టూ చేతులు వేసి చాలాసేపు వదల్లేదు.

నన్ను బొగ్గు దగ్గర పట్టుకుంది. గనులు జాతీయం చేసినవి, జనం మేలు కోసం నడుపుతున్నవి, మన దేశపు కాంపిటిషన్ చట్టం మాకు పట్టదని కోల్ ఇండియా సుప్రీంకోర్టుదాకా పోయిందట. 2023 జూన్ 15న పడుతుందనే తీర్పు వచ్చింది. సర్కారు కంపెనీ అయినా బొగ్గు కొనేవాణ్ని ఇష్టమొచ్చినట్టు కట్టడి చేయడానికి వీల్లేదు. బొగ్గు మీద బతికే నేను ఆ తీర్పు సంగతి ఆమె నోటనే విన్నాను.

ఆ మరుసటి వారం నేనే చిన్నదాన్ని వెంటబెట్టుకొని పెద్ద మేనకోడలి ఇంటికి పోయాను. మానుకోట అవతల పల్లె. మహబూబాబాద్ అని బోర్డుల మీద రాస్తారు గాని బస్సు కండక్టరు పిలిచేది మానుకోట అనే. పెద్దదానికి చదువు అబ్బలేదని అనను, చదివించలేదు. పదో తరగతి కాగానే పెళ్లి చేశారు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ నాలుగెకరాల పత్తి, ఎకరం మిర్చి చేస్తారు. కొంత సొంతం, కొంత కౌలు.

చిన్నది గూట్లో ఉన్న పత్తి విత్తనాల ఖాళీ ప్యాకెట్టు తీసింది. దాని మీద 864 రూపాయలని ఉంది.

"అక్కా, 2005ల ఇది ఎంతుండె?"

"నేనప్పుడు చిన్నదాన్ని. నాయిన తిట్టుకుంట కొంటుండె, అది యాదికున్నది."

1,600కు పైనే ఉండేది. అందులో 1,250 రూపాయలు బీటీ జన్యువు వాడుకున్నందుకు మహికో మోన్‌శాంటో కంపెనీకి పోయే రుసుము. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీని మీద, గుత్త వ్యాపారాన్ని అదుపుచేసే ఎమ్మార్టీపీ కమిషన్‌కు పోయింది. వ్యవసాయ కమిషనర్‌గా ఉన్న పూనం మాలకొండయ్య పట్టు విడవలేదు. ఆ మే నెలలో రుసుము తగ్గించాలని కమిషన్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది, ప్యాకెట్టు ధరను ప్రభుత్వం 750కి దించింది. ఇవాళ్టి కాంపిటిషన్ కమిషన్ పని మొదలుపెట్టింది 2009లో. అంతకు ముందే, పాత చట్టంతోనే, మన రైతుల కోసం ఇంత పెద్ద కంపెనీని బోనెక్కించారు. 1998లో పాత వరంగల్ జిల్లాలో పత్తి రైతుల ఇళ్లలో చావు డప్పులు విన్నవాణ్ని నేను. ఆ 750 రూపాయల ప్యాకెట్టు విలువ నాకు తెలుసు. లా కాలేజీల్లో మొదటి పాఠంగా చెప్పవలసింది ఈ కేసే అని నా నమ్మకం.

"2016ల బేయర్ కంపెనీ మోన్‌శాంటోను కొంటనన్నది. యూరోపియన్ కమిషన్ ఒక పట్టాన ఒప్పుకోలే. విత్తనాల వ్యాపారంల పెద్ద పెద్ద ముక్కలు బీఏఎస్‌ఎఫ్‌కు అమ్మితేనే కొననిస్తమన్నది. ఆ కమిషన్ ఉండేది బ్రసెల్స్‌ల. మా ల్యూవెన్ నుంచి రైలుకు అరగంట" అంది చిన్నది. గూట్లో ప్యాకెట్టుకు, తాను చదివిన బెంచీకి మధ్య దూరం అంతే అన్నట్టు చెప్పింది.

పెద్దది అంతా విన్నది. పొయ్యి మీది చాయ దించి గ్లాసుల్లో పోసి, అప్పుడు అడిగింది.

"కొనేటప్పటి ధర సంగతి మంచిగనే చెప్పినవ్ చెల్లే. అమ్మేటప్పటి ధర సంగతేంది?"

జనవరిలో, సంక్రాంతి పోయిన మూడో రోజు, ఇరవై రెండు క్వింటాళ్ల పత్తి డీసీఎం వ్యానుకు ఎత్తుకొని పోయారట. కొనుగోలు కేంద్రం దగ్గర బండ్ల లైను పొడుగుంది, అప్పు గడువు నెత్తిమీదికి వచ్చింది. నాయిన గుమాస్తాగా ఉన్న మార్కెట్ అయితే మోసం జరగదని, దూరమైనా అక్కడికే పోయారు.

ఆ యార్డు పేరు నేను రాయను. వాళ్ల నాయిన, మా బావది, జనగామ పక్కన ఊరు. పని చేసేది ఒక వ్యవసాయ మార్కెట్‌లో, అడ్తి దుకాణంలో. గుండ్రటి రాత ఆయనది. తూకం, ధర రాసిచ్చే తక్‌పట్టీ ఆయన రాస్తే రైతు ఇంటికి పోయి కూడా చదువుకోగలడు. కాంటాలో కిలో అటూ ఇటూ అయితే తూకం వేసే దడువాయితో కొట్లాడి రైతుకు రాయించిన మనిషి. ఆ పేరు ఆయనకు చుట్టుపక్కల ఊళ్లలో ఉంది.

"ఎనిమిది మంది ఖరీదుదారులు చూసిండ్రు. దూది గుంజి చూసిండ్రు, గింజ కొరికి చూసిండ్రు. ఎవలకు వాళ్లు ఫోనుల ధర కొట్టిండ్రు. ఎనిమిది మందిదీ ఒక్కటే ధర. 6,300."

ఆ ఏడు పొడుగు పింజకు మద్దతు ధర 7,020. క్వింటాలుకు 720 రూపాయల దెబ్బ. ఇరవై రెండు క్వింటాళ్లకు దాదాపు పదహారు వేలు. ఆ పొద్దు జెండా పాట మాత్రం బాగా పలికిందట. మా జిల్లాల మార్కెట్లలో రైతులకు ఇది పాత ఏడుపే. జెండా పాట అంటే పొద్దున్నే ఒక్క కుప్పకు పాడే పై ధర. ఆ ధర పేపర్లో వస్తుంది, మిగిలిన కుప్పల ధర రైతు గుండెల్లో ఉంటుంది.

"నాయిన ఏమన్నడు?" అడిగింది చిన్నది.

"ఏమంటడు? మాకు అన్నం పెట్టించిండు. డీసీఎం కిరాయి తన జేబులకెల్లి ఇచ్చిండు. కాంటా కాడికి మాత్రం రాలే. పనిల ఉన్ననన్నడు."

చిన్నదానికి ఎనిమిది మంది, ఒక్కటే ధర అన్న మాట తప్ప ఇంకేదీ చెవికెక్కలేదు. మొహం ఎర్రబడింది. 2009లో భారత ఆహార సంస్థ గోదాముల్లో ధాన్యానికి పురుగు పట్టకుండా పెట్టే గోలీల టెండరు సంగతి చెప్పింది. మూడు కంపెనీలు విడివిడిగా సీలు వేసి పంపిన కవర్లు విప్పితే మూడింట్లోనూ 388 రూపాయలే ఉంది. పైసా తేడా లేదు. అది కుమ్మక్కేనని కాంపిటిషన్ కమిషన్ తేలిస్తే 2017లో సుప్రీంకోర్టు కూడా అవునంది.

"ముగ్గురికి ఒక్క అంకె తట్టుడే కష్టం అక్కా. ఎనిమిది మందికి దానంతటదే ఎట్ల తడుతది? ఎవడో ఒకడు దుకాణం దుకాణం తిరిగి చెప్పాలె. వాణ్ని పట్టుకుంటే తీగ లాగినట్టే."

ఆమె థీసిస్ సరిగ్గా ఆ మనిషి గురించే.

థీసిస్ అంటే గుర్తొచ్చింది, ఆ చదువుకు డబ్బు ఎట్లా సమకూడిందో చెప్పాలి. బ్యాంకు లోను కొంత ఇచ్చింది. మిగతాదానికి నా పీఎఫ్‌లోంచి తీసిస్తానన్నాను. మా బావ ఒప్పుకోలేదు. అక్క మెడలోది కుదవబెట్టలేదు, ఎకరంన్నర చెలక అమ్మలేదు. "మార్కెట్ల సేట్లందరు తలా ఇంత ఏసుకున్నరు, నువ్వు రంది పడకు" అన్నాడు. వినగానే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గుమాస్తా బిడ్డ చదువుకు దుకాణాలన్నీ కలిసి చందా వేసుకోవడం చిన్న సంగతా? పిల్ల విమానం ఎక్కేముందు నేనే దాన్ని తీసుకొని ఆ దుకాణాలకు పోయి పేరుపేరునా దండం పెట్టించాను. థీసిస్ మొదటి పేజీలో అమ్మకు, నాయినకు, అమ్మమ్మకు కృతజ్ఞతలు చెప్పి, ఆ కిందనే, తన చదువుకు తోడ్పడ్డ మార్కెట్ వ్యాపారులకు అని రాసింది. ఆ పేజీ మాకు మెరిసే కళ్లతో చదివి వినిపించింది.

2024 ఏప్రిల్‌లో, ఇంకా ఆమె అక్కడుండగానే, జనగామ వ్యవసాయ మార్కెట్ రాష్ట్రమంతటికీ తెలిసింది. ఏ గ్రేడ్ వడ్లకు మద్దతు ధర 2,203 ఉంటే వ్యాపారులు ఒక్కటై అంతకు ఎంతో తక్కువకు అడిగారని రైతులు రోడ్డెక్కారు. అదనపు కలెక్టరు యార్డుకు వచ్చి వ్యాపారుల మీద కేసులు పెట్టమన్నారు. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఆ అధికారిని బాహాటంగా మెచ్చుకున్నారు. ల్యూవెన్‌లో ఫోను చూసి మేనకోడలు ఎగిరి గంతేసి తండ్రికి చేసింది. "నాయినా, మన జనగామల కార్టెల్ కేసు! నేను చదివేది ఇదే!" అందట. "ఆ, సూసిన బిడ్డా. మంచిగ తినుమరి" అని పెట్టేశాడట.

సద్దుల బతుకమ్మకు నేను అక్కకు చీర తీసుకొని జనగామ దిక్కు పోయాను. పెద్దది మొగుడితో, పిల్లలతో వచ్చింది. చెరువు కాడ బతుకమ్మలు సాగనంపి ఆడవాళ్లు తిరిగొచ్చేసరికి బాగా చీకటి పడింది. వాకిట్లో మంచాలు వేసుకొని కూర్చున్నాం. సత్తుపిండి, మలీద ముద్దలు చేతుల్లో ఉన్నాయి. పత్తి మొదటి ఏరుడు మొదలైన రోజులు.

"ఈ ఏడు ఎక్కడ అమ్ముదాం మామా? మీ మార్కెట్‌కే తెమ్మంటవా?" అని అల్లుడు అడిగాడు.

బావ జవాబు చెప్పలేదు. చిన్నది అందుకుంది. "ఆ ఎనిమిది మంది కత చూసినంకనే బావా, ఎక్కడన్న అమ్ముడు. నా థీసిస్‌ల ఏమున్నదో చెప్త, ఇను."

జ్యూరిక్‌లో ఏసీ ట్రాయ్‌హాండ్ అని ఒక సంస్థ. లెక్కలు చూసిపెట్టే ఆఫీసు. ప్లాస్టిక్కు, రబ్బరు తయారీకి కావలసిన ఆర్గానిక్ పెరాక్సైడ్లనే రసాయనాలు చేసే కంపెనీలు 1971లో చేతులు కలిపాయి. ఎవరెంత అమ్మాలి, ఎంతకమ్మాలి అన్నది మాట్లాడుకొని ఖాయం చేసుకున్నాయి. 1999 దాకా అట్లాగే నడిపించుకున్నాయి. చివరి ఏళ్లలో మీటింగులు ఏర్పాటు చేసింది ఈ ఆఫీసు. ఎవరి వాటా ఎంతో రాసిన కాగితాలు గులాబీ రంగువి, ఎర్ర రంగువి. మిగతా కాగితాల్లో కలవకుండా ఆ రంగు. చదువుకొని అక్కడే తిరిగి ఇచ్చేయాలి, గడప దాటనిచ్చేవాళ్లు కాదు. వచ్చినవాళ్ల దారిఖర్చులు కూడా ఈ ఆఫీసే ఇచ్చేది, కంపెనీల ఖాతాల్లో ప్రయాణం ఆనవాలు మిగలకూడదని.

బావ చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టాడు. కూతురు చదువు గురించి ఆయన ప్రశ్న అడగడం నేను చూసింది అప్పుడే.

"ఆ ఆఫీసోడు సరుకు అమ్మలే, కొనలే గదా?"

"అమ్మలే, కొనలే."

"కంపెనీలల్ల వాటా ఉండెనా?"

"లేదు నాయినా. ఫీజు ఇచ్చిండ్రు, అంతే."

"మరి వాని తప్పేంది?"

"మాట మోసిండు. వాడు నడుమల లేకుంటే ఆ కంపెనీలు ఒకదాన్నొకటి నమ్మకపోవు. అమ్మినోడు ఎంత దోషో మోసినోడు గూడ అంతే దోషి అన్నది కమిషన్. మన చట్టంల గూడ 2023ల సవరణ తెచ్చిండ్రు. అదే వ్యాపారంల లేకున్నా, కుమ్మక్కుకు సాయపడ్డోడు అందుల భాగస్థుడే."

"జరిమానా ఎంతేసిన్రు?"

"2003ల అందరికి కలిపి డెబ్బై మిలియన్ యూరోల దగ్గరదాకా. ఈ ఆఫీసుకు మాత్రం వెయ్యి. అంటే మన తొంభై వేల చిల్లర. అసువంటోని మీద జరిమానా ఏసుడు కొత్త గదా, పేరుకు ఏసి ఇడిచిపెట్టిన్రు. కని ఇంకో రెండు రసాయనాల కాడ గూడ ఇదే పని చేసినట్టు తేలింది. 2009ల మూడు లక్షల నలభై ఎనిమిది వేల యూరోలు ఏసిన్రు. లక్సెంబర్గ్ కోర్టుదాక కొట్లాడిండు. 2015ల కోర్టు గూడ కట్టాల్సిందే అన్నది."

"అన్నేండ్లు దాచినోళ్లు ఎట్ల దొరికిన్రు?"

పిల్ల మొహం వెలిగింది. మంచి విద్యార్థి దొరికిన మాస్టరు మొహం అది. "అండ్లనే ఉన్నది నాయినా అసలు కీలకం! గుంపుల ఒకడు పోయి చెప్పిండు. ఆక్జో అనే కంపెనీ. అందరికన్న ముందు పోయి నిజం చెప్పినోనికి జరిమానా మొత్తం మాఫీ. మన దగ్గర గూడ ఉన్నది, 46వ సెక్షన్. మొదటోనికి పూర్తిగ మాఫీ కావచ్చు, రెండోవానికి సగందాక. అందుకే గుంపుల ఎవడూ ఎవణ్నీ నమ్మడు. కుమ్మక్కును లోపల్నుంచి పగలగొట్టే సుత్తె అది."

"ఉత్తగ నోటితోని చెప్తే సాలునా?"

"సాలదు. కాగితమో ఇంకేదో, గట్టి సాక్ష్యం ఉండాలె. అంతకుముందు అధికారులకు తెల్వని సంగతి చెప్పాలె. చెప్పిన నాటి నుంచి ఆ పని బంద్ చెయ్యాలె."

"మొదటోడే అయ్యుండాలె."

"మొదటోడే. మా వైవాల గూడ ఇన్ని మంచి ప్రశ్నలు అడగలే నాయినా!"

బావ లేచి లోపలికి పోయాడు. ఇనుప పెట్టె మూత కిర్రుమన్నది. బట్ట సంచి తెచ్చి కూతురి పక్కన మంచం మీద వంచాడు. జేబులో పట్టే నోటుబుక్కులు. సంవత్సరానికొకటి, రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి.

"గులాబీ కాగితాలు గావు బిడ్డా. పొద్దుగాల ఏడున్నరకు చాయ హోటల్ కాడ ఒక సేటు ఆనాటి అంకె చెప్తడు. బీటు మొదలుకాకముందే ఎనిమిది దుకాణాలకు నేనే చెప్పొస్త. పన్నెండేండ్ల సంది. మర్చిపోతనని రాసుకున్న. ఫోనుల చెప్తే ఆనవాలుంటదని నన్ను పెట్టుకున్నరు. నీ చదువుకు ఏసుకున్న చందా అదే. మల్ల సీజన్ వస్తున్నది, ఇగ నేను పోను." కొంచెం ఆగి, "మొదటోనికి మాఫీ అన్నవు గదా" అన్నాడు.

మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అల్లుడు మంచం మీంచి లేచి నిలబడ్డాడు. చిన్నది ఒక పుస్తకం తెరిచింది. చేతులు వణుకుతున్నాయి, అయినా కళ్లు చదువుతూనే ఉన్నాయి. తేదీ, పంట, అంకె, చెప్పిన దుకాణాలు. ఎడమ పేజీలో ధర, కుడి పేజీలో తనకు ముట్టింది. ఒక్క కొట్టివేత లేదు. ఏ దేశపు కమిషన్‌కైనా అంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు. ఆమెకు అది తెలుస్తూనే ఉంది, తన ఫీజు కట్టిన తేదీలు కుడి పేజీల్లో ఒక్కొక్కటే కనిపిస్తున్నదీ తెలుస్తూనే ఉంది.

"చెల్లే, ఈ ఏడుది తియ్యి. జనవరి తియ్యి" అంది పెద్దది.

చిన్నది ఆ పేజీ తీసింది. చూసింది. చదవలేదు. పుస్తకం మూయబోయింది. పెద్దది చెయ్యి చాపి తీసుకుంది. పదో తరగతి చదువుకు తండ్రి గుండ్రటి రాత తేలిగ్గానే వచ్చింది. అందరికీ వినపడేట్టు, ఒక్కొక్క మాటే చదివింది.

"జనవరి 18. పత్తి 6,300. ఎనిమిది దుకాణాలకు చెప్పిన, 8 గంటల లోపు. పెద్దబిడ్డ బండి 11కు వచ్చింది. సేట్లు ఇచ్చింది 50 వేలు, చిన్నబిడ్డ రూము కిరాయికి."

పుస్తకం తండ్రి చేతిలో పెట్టింది.

"మాఫీ ఉంటదా అని చెల్లెను అడిగినవు నాయినా. నన్ను అడగలే."